నాన్నమ్మ చెదరగొట్టిన ఉప్పు

ఇప్పుడు మీకు చెప్పబోయేది ఒక మహాగాథ. ఇందులో రెండు సముద్రాలున్నాయి, మండుటెండ ఉంది, ఒక కుటుంబం పరాయి దేశంలో నిలుస్తుందా మూటాముల్లే సర్దుకుంటుందా అన్న సంకటం ఉంది, సిసిలీ ద్వీపంలో పుట్టి ఒమాన్ బురదలో మోకాళ్ళ మీద కూలబడిన ఒక మనిషున్నాడు, వీటన్నిటి నడుమా చేతిలో కర్రతో నిలబడ్డ ఒక వృద్ధురాలుంది. ఇది చదివి మీరు సర్దుకుని కూర్చుంటే మాత్రం కొంచెం ఆగండి. ఆ కర్ర ఎండిన ఖర్జూరపు మట్ట. ఆ వృద్ధురాలు మా నాన్నమ్మ. ఆవిడ పోరాడింది నీళ్ళ మీద తేలే తెట్టుతో. కాబట్టి మహాగాథ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది ఉప్పు సంగతి. నాకింకా ముప్పై కూడా నిండలేదు, జ్ఞాపకాలు రాసే వయసేంటి అంటుంది అమ్మ. మరిచిపోయాక రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒకడు గుర్తుండగా రాస్తే నష్టం లేదని నేనంటాను.

దీనంతటికీ కారణం ఒక గాజుసీసా. మస్కట్‌లోని రువీలో ఏసీలు బిగించే కంపెనీలో నా ఉద్యోగం. దీపావళికి ఆఫీసువాళ్ళు మాకు తలా ఒక బుట్ట ఇస్తారు. ఖర్జూరాలు, జీడిపప్పు, ఎవరూ వెలిగించని ఒక కొవ్వొత్తి మామూలే. ఈసారి వాటి మధ్య అరచేతిలో పట్టేంత సీసా ఒకటి వచ్చింది. లోపల తెల్లగా, పలచగా, చేప పొలుసుల్లాంటి ఉప్పు. పైన బంగారు రంగు అక్షరాలతో 'ఖురియాత్ ఉప్పు పువ్వు' అని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ రాసి, కింద సన్నక్షరాల్లో ఒక ముక్క చేర్చారు. ప్రాచీన ఒమానీ ఆచారం ప్రకారం ఈ ఉప్పును చేతి నుంచి చేతికి ఇవ్వరట. కింద పెడితే, కావలసినవారు తామే తీసుకుంటారట. ఇంటికి తెచ్చి అమ్మకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను. "ఒమానీ ఆచారమా?" అంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని సీసాని అటూ ఇటూ తిప్పి చూశాడు. చూశాక నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టాడు. నేను తీసుకున్నాను. మా ఇంట్లో ఉప్పు ఎప్పుడూ అలాగే చేతులు మారుతుంది. ఆ అలవాటు ఒమాన్‌కి ఎలా వచ్చిందో ఒమాన్‌లో మా ముగ్గురికి మాత్రమే తెలుసు.

నాన్న పుట్టింది చినగంజాం దగ్గర, ఉప్పు మడులుండే కొఠార్ల మధ్య. మా వైపు ఉప్పు తయారు చేస్తారనరు, పండిస్తారంటారు. మడి కడతారు, నీళ్ళు పెడతారు, ఎండకి పండుతుంది, పలకలతో లాగి కుప్ప పోస్తారు. వరి రైతుకీ ఉప్పు రైతుకీ తేడా ఏమిటంటే, వాన పడితే ఒకడు దణ్ణం పెడతాడు, ఇంకొకడు నెత్తి కొట్టుకుంటాడు. ఉప్పు మనిషిని మడమలు చూసి పోల్చుకోవచ్చు, ఎండిన చెరువులా పగిలి ఉంటాయి. ఆ పగుళ్ళు తనకొద్దని నాన్న చిన్నప్పుడే తేల్చుకున్నాడు. డీజిల్ ఇంజన్ల పని నేర్చుకుని, సముద్రం దాటి, ఒమాన్ తీరంలోని ఖురియాత్‌లో చేపలవాళ్ళకి ఐస్ చేసే ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేరాడు. ఉప్పుకి వీలైనంత దూరం పోవాలనుకున్న మనిషికి కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఎక్కడంటే, ఖోర్ పక్కన, పాడుబడ్డ ఉప్పు మడుల ముందు. ఖోర్ అంటే సముద్రపు నీళ్ళు ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన పాయ. మా వెనక గది కిటికీ తీస్తే ఆ మడులే కనిపిస్తాయి. అందుకని నాన్న ఆ కిటికీ తీసేవాడు కాదు.

ఆ ఇంటి గురించి గుర్తున్నది ముందుగా కంప్రెసర్ హోరు. రోజంతా మోగుతూనే ఉండేది కాబట్టి మేమంతా కొంచెం గట్టిగా మాట్లాడేవాళ్ళం. కరెంటు పోయి అది ఆగిపోతే ఏదో తప్పు చేసినట్టు అందరం మాటలాపి ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. తర్వాత వాసనలు. ఫ్యాక్టరీ వైపు నుంచి ముక్కు పొడిచే అమ్మోనియా, ఒడ్డు నుంచి ఎండుచేపలు, సాయంత్రమయ్యేసరికి యజమాని ఇంటి నుంచి సాంబ్రాణికి దగ్గర చుట్టమైన లుబాన్ పొగ, వీటన్నిటినీ తలదన్నుతూ అమ్మ పెట్టే చేపల పులుసు. అమ్మ పొద్దున్నే గుమ్మం కడిగి బియ్యప్పిండితో ముగ్గేసేది. సముద్రపు పిట్టలు వచ్చి దాన్ని శుభ్రంగా తినేసి పోయేవి. కొన్నాళ్ళకి అమ్మ ముగ్గు వెయ్యడం కాక పిట్టలకి వడ్డిస్తున్నానని అనడం మొదలుపెట్టింది.

యజమాని పేరు ఖల్ఫాన్. నాన్న ఆయన్ని అర్బాబ్ అనేవాడు. పడవలు, ఫ్యాక్టరీ, ఒక ఖర్జూరపు తోట, లెక్కకి అందని మేకలు ఆయన ఆస్తి. రోజూ మధ్యాహ్నం తిరిగాక చేసే అసర్ నమాజు అయ్యాక ఫ్యాక్టరీ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, ఫ్లాస్కులో కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చిన్న కప్పులో పోసిచ్చేవాడు. గల్ఫ్ హిందీలో నాన్నతో, అరబ్బీలో నాతో, మౌనంగా మేకలతో మాట్లాడేవాడు. మేకలతోనే ఆయనకి పొత్తు ఎక్కువ.

నేను ప్లస్‌టూ పరీక్షలు రాసే ఏడాది చలికాలంలో నాన్నమ్మ వచ్చింది. తాతయ్య పోయాక కొఠారు కౌలుకిచ్చి, ఒక్కతే ఉండలేక వచ్చింది. పెట్టెలో చీరలకన్నా ముందు సర్దింది మూటెడు ఉప్పు. కొత్త ఇంట్లోకి మనిషికన్నా ముందు ఉప్పు అడుగు పెట్టాలన్నది ఆవిడ పద్ధతి. మస్కట్ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ కుర్రాడు మూట విప్పి, తెల్లటి రాళ్ళలాంటి ఉప్పుగళ్ళు చూసి, కంగారుపడి పై ఆఫీసర్ని పిలిచాడు. ఆయన ఒక గడ్డ నాలుక మీద వేసుకుని మొహం చిట్లించి, ఒమాన్‌లో ఉప్పు దొరకదని మీకెవరు చెప్పారని నాన్నని అడిగాడు. ఏమంటున్నాడని నాన్నమ్మ అడిగితే, బాగుందంటున్నాడమ్మా అన్నాడు నాన్న. నాన్నమ్మ ఆ ఆఫీసర్ వైపు తిరిగి నమస్కారం పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ చేసిన మొదటి పని ఆ వెనక కిటికీ తెరవడం.

"ఒరే శీనా, ఇంటెనక కొఠారు పెట్టుకోని మాటైనా చెప్పలేదేందిరా?"

"మనది కాదమ్మా. అర్బాబ్ వాళ్ళది. ఎప్పుడో ఆపేశారు."

"ఎవురిదైతే ఏంది. ఉప్పుకి నేల కావాల గానీ పేరు కావాల్నా?"

నాన్న కిటికీ మూశాడు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే నాన్నమ్మ మళ్ళీ తెరిచింది. ఆ రోజు నుంచి ఆ కిటికీ మా ఇంట్లో ఒక సరిహద్దు తగాదాలా నడిచింది.

ఖల్ఫాన్‌తో ఆవిడకి పరిచయం కహ్వాతో మొదలైంది. ఇక చాలు అనుకుంటే కప్పుని కొంచెం అటూ ఇటూ ఊపాలి, అది అక్కడి మర్యాద. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. నాన్నమ్మకి ఎవరూ చెప్పలేదు. పోసినవాళ్ళ మనసు నొప్పించకూడదని ఆవిడ తాగుతూనే ఉంది, తాగినవాళ్ళని ఆపకూడదని ఆయన పోస్తూనే ఉన్నాడు. ఫ్లాస్కు ఖాళీ అయ్యాక ఆవిడ కప్పుని బోర్లించింది. ఆ వయసులో అంత కహ్వా తాగిన మనిషిని తానెప్పుడూ చూడలేదని ఖల్ఫాన్ ఊరంతా చెప్పాడు. అప్పటి నుంచి ఆవిడ్ని వాలిదా, అంటే అమ్మా, అని పిలిచేవాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు కాబట్టి చివరిదాకా స్నేహంగానే ఉన్నారు.

అప్పటికే ఐస్ ఫ్యాక్టరీ పని అయిపోవచ్చింది. పడవలవాళ్ళు మస్కట్ నుంచి వచ్చే లారీల దగ్గర ఐస్ కొంటున్నారు. ఖల్ఫాన్ పెద్దకొడుకు సలీంకీ, సలీం తమ్ముళ్ళకీ ఆ స్థలం మీద కన్నుంది. ఫ్యాక్టరీ, మా క్వార్టర్, మడులు అంతా చదును చేసి, మస్కట్ నుంచి సెలవులకి వచ్చేవాళ్ళకి చాలెట్లు, అంటే అద్దె విడిది ఇళ్ళు, కట్టాలని వాళ్ళ ఆలోచన. ఒక సాయంత్రం ఖల్ఫాన్ నాన్నని కూర్చోబెట్టి, ఐస్ ఖలాస్ అన్నాడు. ఫ్యాక్టరీ పోతే నాన్న వీసా పోతుంది. నాన్న వీసా పోతే మా అందరిదీ పోతుంది. అయితే ఆ మడుల్లో వాళ్ళ తాతలు ఉప్పు చేశారట, చిన్నప్పుడు తానూ అక్కడే ఆడుకున్నాడట, వాటి మీద మట్టి పొయ్యడానికి ఆయనకి చెయ్యి రావడం లేదు. మీ అమ్మ రోజూ కిటికీలోంచి చూస్తుంటుందిగా, ఈ ఒక్క వేసవీ మీరు ఉప్పు చెయ్యండి, కొనేవాడు దొరికితే మడులూ ఉంటాయి, వాటి మీద నువ్వూ ఉంటావు, దొరక్కపోతే కొడుకుల ఇష్టం, అన్నాడు. నాన్న ఇంటికొచ్చి ఈ సంగతి ఉరిశిక్ష చదివినట్టు చెప్పాడు. ఉప్పు వదిలించుకోవడానికి దేశం వదిలిన మనిషి, ఇప్పుడు దేశంలో ఉండాలంటే ఉప్పు పండించాలి. నాన్నమ్మ మాత్రం వెళ్ళి కిటికీ బార్లా తెరిచింది.

మడులకి గట్లు వేసి, నేల తొక్కి గట్టిపరిచే పనికి శుక్రవారాల్లో రాజన్న వచ్చేవాడు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, మేస్త్రీ, పక్కనే ఒక రూమ్‌లో ఉండేవాడు. నాన్నమ్మ నేల తొక్కమంటే ఆయన మట్టం పలక తెచ్చి బుడగ చూసేవాడు. "అమ్మా, గిది నేను దినాం చేసే ఫ్లోరింగ్ పనే గదా. పైసలిచ్చే సైట్‌ల గింత మంచిగ ఎన్నడు చెయ్యలే" అనేవాడు. ఆవిడ మాట ఆయనకి సగమే అర్థమయ్యేది, ఆయన మాట ఆవిడకి అంతకన్నా తక్కువ. మధ్యలో నేను తెలుగు నుంచి తెలుగులోకి అనువాదం చేసేవాణ్ణి.

నీళ్ళ సంగతి ఎలాగా అని నాన్న బుర్ర గోక్కుంటుంటే, అదృష్టం తనంతట తనే వచ్చింది. ఒక రోజు మేం ఊళ్ళో లేనప్పుడు ఎవరో వచ్చి మడుల మూల పెద్ద గొయ్యి తవ్వి పోయారు. తిరిగొచ్చి చూస్తే అది నీళ్ళతో నిండి ఉంది. నాన్నమ్మ వేలు ముంచి నాలుకకి రాసుకుంది. సముద్రపు నీళ్ళకన్నా ఎన్నో రెట్లు ఉప్పన. మా వైపు సముద్రపొడ్డున ఇలా తవ్వుకునే నీళ్ళగుంటని దొరువు అంటారు. ఆ నీళ్ళు పెడితే ఉప్పు తొందరగా పండుతుంది. మనకి దొరువు కావాలని అడక్కుండానే తెలుసుకుని తవ్వించాడు, పెద్దమనిషి అంటే అట్టా ఉండాల, అని నాన్నమ్మ ఖల్ఫాన్‌ని తెగ పొగిడింది. తవ్వినవాళ్ళలో రాజన్న కూడా ఉన్నాడట. "కంపెనీల తవ్వుమన్నరు, తవ్వినం. నీళ్లొచ్చినయ్. సూపర్‌వైజర్ సూసి సాలు పోదాం పాండ్రి అన్నడు, పోయినం" అన్నాడు. మేమెవరమూ ఇంకో ప్రశ్న అడగలేదు. నాన్న దానికి ఒక పంపు బిగించాడు.

ఇక తెట్టు. ఉప్పు నీళ్ళు బాగా చిక్కబడ్డాక, మధ్యాహ్నం తిరిగి గాలి నెమ్మదించే వేళకి, మడి మీద పాల మీద మీగడలా ఒక పొర కడుతుంది. అది ఉప్పే, కానీ కాయ కట్టని ఉప్పు. పొర కప్పేస్తే కింద నీళ్ళు ఎండకి ఆవిరి కావు, పంట మందగిస్తుంది. అందుకని కొఠార్ల మీద పుట్టి పెరిగిన ప్రతివాళ్ళూ నేర్చుకునే మొదటి పాఠం, సాయంత్రమయ్యేసరికి తెట్టు చెదరగొట్టాలి. చెదిరిన పొర అడుక్కి దిగి, దాని మీద గళ్ళు కడతాయి. నాన్నమ్మ చీర ఎగదోపి, ఖర్జూరపు మట్ట పట్టుకుని గట్టు వెంబడి నడుస్తూ నీళ్ళని అటూ ఇటూ కొట్టేది. ఒక వైపు ఆవిడ, ఒక వైపు నాన్న, మూడో వైపు ఫలితాల కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్న నేను. ఒక్క సాయంత్రం కూడా వదల్లేదు. నలతగా ఉందన్నా, గాలిదుమారం వచ్చినా, మట్ట నా చేతికొచ్చేది. అంత నిష్ఠ నేను చదువులో చూపిస్తే ఏ ఐఐటీలోనో ఉండేవాణ్ణని అమ్మ అనేది. తెట్టు కొట్టడానికి ఎంట్రన్స్ లేదు కాబట్టి కుదిరిందని నేననేవాణ్ణి.

వేసవి ముదిరేసరికి మడుల పక్కన మనిషెత్తు కుప్ప లేచింది. నాన్నమ్మ రోజూ ఒక గడ్డ తీసి ముందుపళ్ళ మధ్య పెట్టి కొరికేది. టక్కుమంటే పండినట్టు. ఆ కుప్ప మీద ఖర్జూరపు మట్టలు కప్పి, చుట్టూ మేకలు రాకుండా ముళ్ళు పరిచి, కన్నకూతుర్ని కాసినట్టు కాసింది. బోణీ కాకుండా అందులోంచి ఇంటికి ఒక గల్లు కూడా తేకూడదంది. నాన్న ఒక బస్తా నింపుకుని మస్కట్ వెళ్ళి హమ్రియాలో కిరాణా కొట్లన్నీ తిరిగాడు. ఒకాయన ఇది కడిగారా అని అడిగాడు. ఒకాయన అలమర్లోని ఉప్పు ప్యాకెట్ల వైపు వేలు చూపించాడు. సాయంత్రానికి నాన్న బస్తాతోనే తిరిగొచ్చాడు. బస్తా మీద సంచిలో అమ్మ తెమ్మన్న సామాన్లున్నాయి. అందులో ఒక ఉప్పు ప్యాకెట్ కూడా ఉంది. ఇంటి వెనక మనిషెత్తు ఉప్పు పెట్టుకుని ఉప్పు కొనుక్కున్న సంసారం ఖురియాత్‌లో మాదొక్కటే అయ్యుంటుంది.

అమ్మ మెల్లిగా అటక మీది సూట్‌కేసులు దింపి ఎండలో పెట్టింది. బూజు పోవడానికని చెప్పింది. ఎవరూ నమ్మలేదు, ఎవరూ అడగలేదు.

అప్పుడు ఖల్ఫాన్ తమ్ముడి కూతురు, మస్కట్‌లో ఒక పెద్ద హోటల్లో పనిచేసే అమ్మాయి, తమ షెఫ్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనది సిసిలీ. వాళ్ళ ద్వీపంలోనూ సముద్రపు ఒడ్డున ఉప్పు మడులున్నాయట, చూడాలని ముచ్చటపడ్డాడు. హోటల్ మనిషి వస్తున్నాడని మా ఇంట్లో పెళ్ళిచూపుల హడావిడి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నాన్నమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. జరీ చీరతో మడిలోకి దిగలేం కాబట్టి ఆ ఒక్క సాయంత్రం తెట్టు ఎవరూ కొట్టలేదు.

నాన్న కుప్ప మీది మట్టలు తీసి పక్కకి జరిగాడు. షెఫ్ ఒక గల్లు నోట్లో వేసుకుని, మంచి ఉప్పు, చేపలకి బాగుంటుంది, అన్నాడు. పిల్ల బాగుంది, కబురు చేస్తాం అనే గొంతుతో అన్నాడు. నాన్నకి ఆ గొంతు ఏ భాషలోనైనా అర్థమవుతుంది. అంతలో షెఫ్ చూపు మా భుజాల మీదుగా మడుల మీద పడింది. వాలు ఎండలో అవి పింగాణీ పళ్ళేల్లా మెరుస్తున్నాయి. ఆయన గబగబా నడిచి, తెల్లటి ప్యాంటుతో బురదలో మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో ఆ పొరని ఎత్తి వాసన చూశాడు. ఈయనకి ఎండ దెబ్బ తగిలిందేమోనని ఖల్ఫాన్ నీళ్ళు తెమ్మని కేకేశాడు.

"మా ఊళ్ళో దీన్ని పువ్వు అంటారు" అన్నాడు షెఫ్ నాతో. "నాకు ఇది కావాలి. ఇదే."

నేను తెలుగులో చెప్పాను.

"ఏం చేస్తాడంట తెట్టుతో?" అంది నాన్నమ్మ.

"తింటారంట."

"ఎవురు?"

"గొప్పోళ్ళు. చాలా గిరాకీ అంట."

ఆయన ఆ ఉప్పుని అరచేతిలో పట్టుకుని నాన్నమ్మ వైపు చాచాడు, రుచి చూడమని. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. "కింద పెట్టమను అబ్బయా. ఉప్పు చేతికిస్తే తగువులొస్తయ్. అంత పెద్ద వంటోడికి ఈ మాత్రం తెలవదా?" ఇదంతా ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక, కింద పెడితే ఆవిడ తీసుకుంటుంది, ఇక్కడి పద్ధతి అన్నాను. షెఫ్ టోపీ తీసేసి, జేబురుమాలు గట్టు మీద పరిచి, ఉప్పు దాని మీద ఉంచి, తల వంచాడు. నాన్నమ్మ రెండు పొలుసులు నోట్లో వేసుకుంది. పళ్ళ మధ్య ఏమీ టక్కుమనలేదు, కరిగిపోయింది. పచ్చిది, అని తీర్పు చెప్పింది.

ఈ వేసవిలో పోగైన పువ్వంతా ఎక్కడ దాచారని అప్పుడు అడిగాడు షెఫ్. నేను నాన్న వైపు చూశాను. నాన్న కుప్ప వైపు చూశాడు. రోజూ చెదరగొట్టి ముంచేశామని చెప్పాను. రోజూనా అన్నాడు. ఒక్క రోజు కూడా మానలేదన్నాను, మా శ్రద్ధ తెలియాలని. ఆయన కాసేపు తన భాషలో ఏదో అన్నాడు. ప్రార్థన చేస్తున్నాడని ఖల్ఫాన్ మాతో చెప్పాడు. పోయేముందు షెఫ్ మాట ఇచ్చాడు. వచ్చే వారం వస్తాడు, అప్పటికి ఈ పొరని జాగ్రత్తగా తీసి ఆరబెట్టి ఉంచితే, ఏటేటా మడుల పంట అంతా హోటల్ తీసుకుంటుంది. ఖల్ఫాన్ ఆ మాటకి సాక్షి. అంటే ఇక మేం ఉండడానికి చెయ్యాల్సిందల్లా సాయంత్రాలు ఏమీ చెయ్యకుండా ఊరుకోవడమే.

అదే కుదరలేదు. నాన్నమ్మకి కొట్టని తెట్టు చూస్తే వాకిట్లో ఊడ్వని చెత్త చూసినట్టుంది. మర్నాడు సాయంత్రం మట్ట తీసుకుని బయల్దేరింది. నాన్న మడుల దగ్గర అడ్డం నిలబడ్డాడు. పిందెలు తెంపి అమ్ముకునే రైతు యాడన్నా ఉంటాడా, కొనుక్కున్నోడు రేపు నలుగురిలో చినగంజాం మనిషి పచ్చి ఉప్పు అంటగట్టిందనడా, అంది. ఆ పూట అన్నం తినలేదు. ఇల్లంతా దిగులుపడ్డాం. అంతకుముందే ఖల్ఫాన్ ఇంట్లో హల్వా తినొచ్చిందని తర్వాత తెలిసింది. హల్వా సంగతి వేరు, అలక సంగతి వేరు. మరుసటి రోజు మళ్ళీ మట్ట పట్టుకుంది.

"పక్కకి జరగరా. ఏళ్ళ తరబడి చేసిన పని నాకు నేర్పమాక."

"కొట్టమ్మా, కొట్టు" అన్నాడు నాన్న. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు, అప్పుడూ పెంచలేదు. "కొడితే ఊరెళ్ళిపోతాం. ఎళ్ళి నేను కొఠార్లోనే దిగాల. ఇంకో పని లేదు నాకాడ."

"దిగితే ఏందిరా? మీ నాయన దిగలా?"

నాన్న చెప్పులు విడిచి, ఒక కాలు గట్టు మీద పెట్టాడు. ఒక్క వేసవికే ఆ మడమ ఎండిన చెరువైపోయింది. కొడుకు గల్ఫ్‌కి వెళ్ళాక కాళ్ళు మెత్తబడ్డాయని ఊళ్ళో అందరికీ చెప్పుకున్న మనిషి నాన్నమ్మ. సెలవుల్లో వచ్చినప్పుడు ఆయన పడుకుంటే పాదాలు తడిమి చూసేది. ఇప్పుడూ వంగి, ఆ మడమ మీద బొటనవేలితో రాసి చూసింది.

"మళ్ళా పగిలినయ్యే" అంది.

మట్ట గట్టు మీద పడేసి ఇంట్లోకి వెళ్ళింది. ఇక్కడ ఒక గొప్ప నిశ్శబ్దం ఉంటే బాగుండేది గానీ, వెంటనే వంటింట్లో గిన్నెలు కిందపడ్డ చప్పుడు వినిపించింది. నాన్నమ్మ బూరెలు తీసే చిల్లుల గరిటెతో బయటికొచ్చింది. వెనకే అమ్మ, అత్తయ్యా అది మా అమ్మ ఇచ్చిందండీ అంటూ. నాన్నమ్మ చీర ఎగదోపి మడిలోకి దిగింది. నూనెలోంచి బూరె ఎత్తినట్టు, పొర చెదరకుండా, నీళ్ళు కారనిచ్చి, తడిగుడ్డ మీద వేసింది. నేనూ ఒక చెయ్యి వేస్తానంటే, నువ్వు సిమెంటు ఎత్తినట్టు ఎత్తుతావు పో అంది. ఆ వారంలో మిగిలిన రోజులన్నీ ఆవిడే తీసింది. తీస్తున్నంతసేపూ తిట్టింది. తెట్టునో, షెఫ్‌నో, మమ్మల్నో స్పష్టంగా చెప్పలేను. అమ్మ గరిటె మాత్రం తుప్పుపట్టి మళ్ళీ బూరెలకి పనికిరాలేదు.

షెఫ్ మాట మీద నిలబడ్డాడు. మడులు నిలిచాయి, వాటి మీద నాన్న నిలిచాడు, సూట్‌కేసులు అటకెక్కాయి. బోణీ అయింది కాబట్టి కుప్పలోంచి ఇంటికి ఉప్పు తెచ్చుకోవచ్చని నాన్నమ్మ అనుమతి ఇచ్చింది. మిగతా కుప్ప చేపలు ఎండబెట్టేవాళ్ళు మోసుకుపోయారు. వీసా గడువు అయ్యాక ఆవిడ ఊరెళ్ళిపోయింది, కొన్నేళ్ళకి అక్కడే పోయింది. ఆ దేశంలో కాయ పారేసి పూత తింటారని ఊళ్ళో చివరిదాకా చెప్పిందట. నేనిక్కడే చదువుకున్నాను, ఇక్కడే ఉద్యోగం దొరికింది. మోకాళ్ళు సహకరించక నాన్న పని మానుకున్నాక అమ్మానాన్నలు రువీలో నా దగ్గరికొచ్చేశారు. మా ఇంట్లో అందరం ఎప్పుడో ఒకప్పుడు అనుకునేవాళ్ళమే, ఆ గరిటె లేకపోతే మన బతుకు వేరేగా ఉండేదని.

ఈ సీసా వచ్చాక ఒక శుక్రవారం ఖురియాత్ వెళ్ళాను. ఖల్ఫాన్ ఇప్పుడు లేడు, వ్యాపారం సలీం చూస్తున్నాడు. మడులకి నల్లటి షీట్లు పరిచారు, గట్ల మీద పర్యాటకులు నడవడానికి చెక్కబాట వేశారు. తీసేవాళ్ళు చేతులకి తొడుగులు వేసుకుని పనిచేస్తున్నారు. లుబాన్ వాసన ఉంది, సీసాల దుకాణంలో మిషన్‌లోంచి వస్తోంది. కంప్రెసర్ హోరు లేదు కాబట్టి అందరూ మెల్లిగా మాట్లాడుకుంటున్నారు, నేనొక్కణ్ణే గట్టిగా మాట్లాడుతున్నానని కాసేపటికి గమనించాను. ఉప్పు మాత్రం అప్పటిలాగే తేలుతోంది. అప్పుడు అది నేరం, ఇప్పుడు అది సరుకు, నీళ్ళకి ఈ తేడా తెలిసినట్టు లేదు. సలీం కప్పులో కహ్వా పోశాడు. సీసా మీద ప్రాచీన ఆచారం ఎక్కడిదని అడిగాను. షెఫ్ చెప్పాడు, ఉప్పు చేసే పెద్దావిడని చూసి నేర్చుకున్నాడట, అన్నాడు. ఆవిడ మా నాన్నమ్మ, చినగంజాం, అన్నాను. అంతా రాయాలంటే లేబుల్ మీద చోటు చాలదు అన్నాడు సలీం.

మడుల మూల దొరువు ఇంకా ఉంది. చుట్టూ కమ్మీలు కట్టి, 'సంప్రదాయ ఉప్పునీటి బావి' అని బోర్డు పెట్టారు. మీ నాన్న మా నాన్నమ్మ కోసం తవ్వించాడు, ఆవిడ పోయేదాకా తలుచుకునేది అన్నాను. సలీం నవ్వాడు. మా నాన్న తవ్వించలేదు, నేను తవ్వించాను, చాలెట్లకి పునాది ఎంత లోతు వెయ్యాలో చూడ్డానికి, అన్నాడు. నీళ్ళు రావడంతో కాంట్రాక్టరు ఇక్కడ గోడ నిలవదని ఆ రోజే చెప్పి వెళ్ళిపోయాడట. తమ్ముళ్ళూ తనూ ఆ ఆలోచన అప్పుడే వదిలేశారట. మరి మమ్మల్ని పంపేస్తారని చెప్పారే అన్నాను. ఎవరు చెప్పారు, మా నాన్నేనా, ఆయనకి ఉప్పు కావాలి, మేం మాత్రం మిమ్మల్ని పంపేవాళ్ళం కాదు, ఆ నేలకి ఎలాగూ ఒక కాపలా మనిషి కావాలి, మీ నాన్న ఉన్నాడుగా, అని కప్పు ఊపి పక్కన పెట్టాడు.

ఖురియాత్‌లో ఆ ఖోర్ పక్కన మోకాలి లోతు తవ్వితే నీళ్ళొస్తాయి, చిన్నప్పుడు అక్కడ ఆడుకున్న ఎవరికైనా ఆ సంగతి తెలుసు.